వ్రాయసగాడు

(తెలుగు భాషాదినోత్సవమునాడు శ్రీకాకుళమునందలి యొక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగము. వినినవారిలో కొందఱు కోరుటచేత, సభలో తడవునకు జంకి విడిచిన కొన్ని మాటలుగూడ చేర్చి ప్రకటించుచున్నాము.)



నేడు ఆగస్టు 29వ తేదీ. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరమున ఈ దినముననే, వంశధారాతీరమున శ్రీముఖలింగక్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. ఆ కారణముచేత రాష్ట్రమంతటను ఈ దినమును తెలుగుభాషకు పండుగదినముగా జరుపుచున్నారు. ఇట్టి సభలలో ఏమి జరుగునో మీరెఱుగనిది కాదు. పటమునకు పూలమాల వేయుదురు. తేనెకంటె తీయనిదనియు, పాలకంటె తెల్లనిదనియు భాషను పొగడుదురు. పిల్లలు తెలుగు మఱచిపోవుచున్నారని నిట్టూర్తురు. పిదప ఎవరి యింటికి వారు పోయి, ఎవరి ఫోనులో వారు ఇంగ్లీషక్షరములతో తెలుగు వ్రాసికొందురు. మేమును అట్టివారలమే గనుక ఎవరిని తప్పుపట్టుటకు రాలేదు. నేడు మీతో చెప్పదలచినది ఒక యుత్తరమును గూర్చి, ఒక ఫోనును గూర్చి. రెండును ఒకే స్త్రీకి సంబంధించినవి.

ఇది అఱువది యేండ్లనాటి మాట. అప్పటికి మాకు పండ్రెండేండ్లుండును. మా వీధిలో చదువు వచ్చిన యిండ్లు రెండో మూడో. కార్డు వ్రాయించుకొనవలెనన్న, వచ్చిన కార్డు చదివించుకొనవలెనన్న స్త్రీలందఱును మా యరుగుమీదికే వచ్చెడివారు. పెద్దలకు తీరిక లేకుండుటచే ఆ పని మాకు దఖలుపడినది. వచ్చినవారిలో ఒకామెను మేము అప్ప అని పిలిచెడివారము. ఆమె భర్త ఖరగపూరు రైలు కార్ఖానాలో కూలి. మన జిల్లాలనుండి ఖరగపూరునకును, కలకత్తాచెంత గోనెమిల్లులకును పోయి బ్రదికినవారి సంఖ్య తక్కువది కాదు. అంతకుముందటి తరమువారు రంగూను పోయిరి. మన యిండ్లలో ఉత్తరము ఎప్పుడును అన్నముతో సమానమైన వస్తువే.

అప్ప వచ్చి మెట్టుమీద కూర్చుండి, కొంగుముడి విప్పి కార్డు తీసి యిచ్చి, చెప్పుట మొదలుపెట్టెడిది. ఒకనాడు ఆమె చెప్పినది నేటికిని మా చెవిలో నున్నది. "నువ్వెల్లిన కాడ్నించీ గుంటడు నాన్నేడీ నాన్నేడీ అని ఒకటే గోల. రేతిరి కుక్క మొరిగితే నువ్వొచ్చీసినావనుకొని లెగిసి కూకున్నాను. నాకేటీ వద్దు. నువ్వొచ్చీ."

మేము వ్రాసినది ఇది. "మహారాజశ్రీ భర్తగారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇచ్చట మేమందఱము క్షేమము. తమ క్షేమసమాచారములకు వ్రాయగలందులకు కోరెదను. చిరంజీవి తమరిని తఱచు తలచుచున్నాడు. తమ రాకకు వేచియున్నాము."

వ్రాసి, పైకి చదివి వినిపించినారము. ఆమె తల యూపినది. అక్షరము తెలిసినవాని యెదుట తెలియనివారు తల యూపక మఱేమి చేయగలరు? మాకు మాత్రము గర్వముగనే యుండెను. పంతులుగారు పాఠశాలలో నేర్పిన లేఖాఫక్కి తప్పకుండ వచ్చినది గదా!

ఆ మఱుసటి సంక్రాంతికి ఆమె భర్త ఇంటికి వచ్చినాడు. మాకొక పెన్సిలు బహుమానముగా తెచ్చినాడు. తెచ్చి, నవ్వుచునే అన్నాడు గదా, "దస్తూరీ బాగుంది బావూ. గానీ ఆ కాయితాల్లో మా ఇంటిది ఏదీ? తాసీల్దారు నోటీసులాగుంటే, ఇంటికాడ ఏటి జరిగిందోనని బయపడిపోనాను." ఆనాడు మాకు ఆ మాట యందలి భావము తెలియలేదు. తప్పు లేకుండ వ్రాసినందుకు మెచ్చుకొనక ఈ మనుష్యుడు ఇట్లనుచున్నాడేమా యని కొంత కోపము గూడ వచ్చినది.

ఆమె చెప్పినది చెప్పినట్లు మేమేల వ్రాయలేదు? వ్రాయరాక కాదు. "నాను" అన్నందుకు, "నేదు" అన్నందుకు, "ఏటి" అన్నందుకు బడిలో బెత్తపుదెబ్బలు తినియుంటిమి. ఆ బడి యేదో, ఆ పంతులెవరో చెప్పబనిలేదు. ఆ కాలమున ఏ బడియైనను అట్లే. నోటిలో నున్నది తప్పు, పుస్తకములో నున్నది ఒప్పు అని ఒకసారి లోపల నాటుకొనినచో, ఎదుటివారి నోటిలో నున్నదానిని గూడ దిద్దవలెనని చేయి తనంతట తానే లేచును. ఇంతయేల? ఇప్పుడు మేము మీయెదుట మాటలాడుచున్న తీరే చూడుడు. యాసనుగూర్చి చెప్పవచ్చి గ్రంథములయొక్క భాషలో చెప్పుచున్నాము. వేదిక యెక్కిన వెంటనే మా నాలుక ఇట్లు తిరిగిపోవును. అలవాటు. మీరు నవ్వినను మాకు కోపము రాదు.

రామమూర్తి పంతులుగారు మాత్రము నవ్వి యూరకుండెడివారు కారు. గ్రాంథికమే శరణ్యమని వాదించిన పండితుల రచనలనే ముందిడుకొని, వారు తమకు ప్రాణప్రదమైన వ్యాకరణమును తామే యెచ్చటెచ్చట తప్పిరో ఏరి యేరి చూపినవారాయన. 1933లో వెలువడిన "ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజము" ఆ పనికే పుట్టిన పుస్తకము. ఎవరును మాటలాడని భాషను ఎవరును తప్పులేక వ్రాయలేరు అనుట ఆయన వాదము. ఆయన యుండినచో మా యీ ప్రసంగములోనే డజనులకొలది పట్టుకొనియుండును.

ఆ వివాదమునందలి పాత్రధారులను, సంవత్సరములను మీలో అనేకులు ఎఱుగుదురు గనుక త్వరగా చెప్పి సాగుదుము. విజయనగరమున గురజాడ అప్పారావుగారు "కన్యాశుల్కము"ను 1892లో ఆడించి 1897లో అచ్చు వేయించిరి. 1909లో తిరుగవ్రాసి ప్రకటించిరి. అందులో అగ్నిహోత్రావధానులు పలికినట్లు గిరీశము పలుకడు, గిరీశము పలికినట్లు అసిరిగాడు పలుకడు. గురజాడవారును గిడుగువారును విజయనగరమున ఒకే బడిలో చదువుకొన్న సహపాఠులు. 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తు ఏర్పడి, జయంతి రామయ్యపంతులుగారి ప్రభృతులు గ్రాంథికపక్షమున నిలిచిరి. 1914లో అప్పారావుగారు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. మఱుసటి యేటనే కాలధర్మము నొందిరి. గిడుగువారు 1919లో "తెలుగు" అను మాసపత్రికను నడపి, 1940 జనవరి 22న కన్నుమూయువఱకును ఆ పోరు విడువలేదు. చివరకు గెలిచిరి. నేడు పత్రికలు, పాఠ్యపుస్తకములు, రేడియో, అన్నియు వాడుకభాషలోనే యున్నవి.

అయితే ఎవరి వాడుక? ఇచ్చటనే మాకొక చిక్కు తోచుచున్నది. గిడుగువారు కోరినది శిష్టవ్యావహారికము, అనగా చదువుకొన్నవారు నోట పలుకు తెలుగు. కాలక్రమమున పత్రికలు, ప్రకాశకులు, సినిమాలు కృష్ణాగోదావరీ మండలములవారి పలుకుబడినే మేలుబంతిగా చేసికొన్నవి. పోరాడిన వీరులు మనవారు. గెలిచిన వాడుక పొరుగువారిది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును నాలుగు మండలములుగా విభజించి, శ్రీకాకుళ విశాఖపట్టణ ప్రాంతములను పూర్వమండలమని పేర్కొనిరి. ఆ పూర్వమండలపు పలుకు అచ్చులో కనబడునది ఎచ్చట? చాసో, రావిశాస్త్రి వంటి కొందఱు మహానుభావుల కథలలో. ఇక సినిమాలో వినబడిన, పనిమనిషి నోటనో, నవ్వించువాని నోటనో వినబడును. కోపము, ప్రేమ, న్యాయస్థానమున సాక్ష్యము, ఆస్పత్రిలో బాధ, వీనిని మన యాసలో చెప్పిన మనుష్యుని తెరమీద చూచుట అరుదు.

ఇది ఇట్లుండగా యంత్రములు వచ్చినవి. యంత్రములనగానే నిందించు అలవాటు మాకు లేదు. వానివలన మన పేదయిండ్లకు జరిగిన మేలు మేము కన్నులార చూచితిమి. తంతి కాలము తలచుకొనుడు. తెలుగుమాటను ఇంగ్లీషక్షరములలోనికి దింపి, మాటకింతయని లెక్కవేసి పంపవలసినదే. అందుచేత తంతి యనగా చావుకబురే యని వీధివీధియు వణకెడిది. పిదప ట్రంకుకాలు, ఆ పిదప ఎస్.టి.డి. బూతులు. అద్దపు గదిలో నిలిచి, అంకెలు పరుగెత్తుచుండగా, చెప్పవలసినది మఱచిపోయి "బాగున్నావా, బాగున్నావా" యని రెండుసార్లు అడిగి పెట్టివేసినవారు ఈ సభలోనే యుందురు. మన దేశమున తంతిసేవ 2013 జూలై నెల నడుమ ఆగిపోయినది. విచిత్రమేమనగా, ఆ వెనువెంటనే, ఆగస్టులో, వాట్సాపునందు గొంతును పట్టి పంపు సదుపాయము వచ్చినది. వందయేబది యేండ్లకు పైగా సాగిన పొడిమాటల వార్త పోయిన నెలలోగా, నోటిమాట నోటిమాటగనే దూరము పోవుట మొదలిడినది.

దీని మహిమ చదువుకొన్న మనకు అంతగా తెలియదు. మనకు అది టైపుచేయుటకు బద్ధకించినపుడు పనికివచ్చు సౌకర్యము. అప్ప వంటివారికి అట్లు కాదు. జన్మలో మొదటిసారిగా, నడుమ మఱొకని చేయి లేకుండ, తన మాట తన గొంతుతో తనవారికి చేరినది. దగ్గు చేరినది, నవ్వు చేరినది, వెనుక కూయు కోడి గూడ చేరినది. మన తీరగ్రామముల మత్స్యకారులు గుజరాతులోని వేరావలుకు పోయి పడవలమీద పనిచేయుదురు. 2018 నవంబరులో అట్లు పోయిన శ్రీకాకుళ విజయనగర జిల్లాలవారు పాకిస్తాను వారికి చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడువబడిన సంగతి మీకు జ్ఞాపకముండును. అట్టి యిండ్లలో ఫోను మ్రోగుట యనగానేమో వేరుగ చెప్పవలెనా? ఆ యిండ్లకు గొంతు కావలెను, దస్తూరీ కాదు.

ఇంతవఱకు బాగున్నది. తరువాతి యంత్రము వచ్చుటతో మా కథ మఱల మొదటికి వచ్చినది.

ఇప్పుడు ఫోనుకు చెప్పిన అది విని వ్రాయును. అప్ప మనుమరాలు హైదరాబాదులో ఉద్యోగి. పనివేళ గొంతుసందేశము వినుటకు వీలుపడదు, వ్రాసి పంపుమనినది. మనుమడు అవ్వచేతికి ఫోనిచ్చి, మైకు బొమ్మ నొక్కి, చెప్పుమన్నాడు. అదృష్టవశమున ఆనాడు మేమచ్చటనే యుంటిమి. అప్ప చెప్పినది: "చోళ్ళు రెండు కుంచాలు పంపించినాను." చోళ్ళనగా రాగులని దక్షిణపువారికి చెప్పవలెను గాని మీకు చెప్పవలసిన పనిలేదు. యంత్రము వ్రాసినది: "చోళులు రెండు కంచాలు పంపించినారు."

మేము కడుపుబ్బ నవ్వినారము. కులోత్తుంగచోళుని సేనలు కళింగముమీదికి దండెత్తివచ్చి తొమ్మిదివందల యేండ్లు దాటినది గదా, ఇన్నాళ్లకు పశ్చాత్తాపపడి రెండు కంచములు పంపిరి కాబోలు నని మనుమనితో హాస్యమాడితిమి. అప్పయు నవ్వినది. కాని మఱల ప్రయత్నించునపుడు ఆమె చేసిన పని చూచి మా నవ్వు నిలిచిపోయినది. ఎనుబదియేండ్లు దాటిన యా ముసలామె కొంగు సవరించుకొని, గొంతు సవరించుకొని, ఫోనుకు దండము పెట్టుచున్నదా యనునట్లు వంగి, "నేను... రాగులు... పంపించాను" అని రేడియోలో వార్తలు చదువు ఫక్కిని, ఒక్కొక్క మాటయే విడివిడిగా పలికినది. యంత్రము ఈసారి తప్పులేకుండ వ్రాసినది. మనుమడు "చూశావా అవ్వా, సరిగ్గా చెపితే సరిగ్గా రాస్తాది" అన్నాడు. ఆమె తల యూపినది. అఱువదియేండ్ల క్రిందట మా యరుగుమీద ఊపినట్లే యూపినది.

యంత్రము ఏల అట్లు వ్రాయును? దానికి మనపై పగలేదు. అది విన్న ధ్వనిని తనకు నేర్పిన ధ్వనులతోను, తాను చదివిన కోట్లకొలది వాక్యములతోను పోల్చి, ఆ చోట ఏ మాట వచ్చుట కెక్కువ అవకాశమున్నదో ఆ మాటను వ్రాయును. అది చదివినవి పత్రికలు, పాఠ్యపుస్తకములు, ప్రభుత్వప్రకటనలు. వానిలో చోళులు తఱచుగ నుందురు. చోళ్ళు ఎచ్చటనో గాని యుండవు. గంటెలు ఉండవు, సజ్జలే యుండును. అనగా, నూరేండ్లుగా మనము వ్రాయక విడిచిన మాటలన్నియు యంత్రమునకు లేని మాటలైనవి. లోపమును దానిమీద త్రోయుట సులభము. మొదటి తప్పు మా వంటి వ్రాయసగాండ్రది. అప్ప మాటను కార్డుమీద కెక్కనీయక దిద్దినది మేము. ఆ దిద్దిన కార్డులను చదివి పెరిగినది యంత్రము.

దీనిలో నవ్వుకొని విడువదగిన దానికంటె ఎక్కువ యున్నదని మా యభిప్రాయము. 2022 జూలైలో కేంద్రప్రభుత్వము భారతీయభాషలకు యంత్రానువాదము, వాగ్లేఖనము కల్పించుటకై "భాషిణి" అను ప్రణాళికను ప్రారంభించినది. 2025 జనవరిలో మన రాష్ట్రప్రభుత్వము వాట్సాపు ద్వారా సేవలందించుటకు "మన మిత్ర" నేర్పాటు చేసినది. రెండును మెచ్చదగిన పనులే. దరఖాస్తుకై రోజుకూలి పోగొట్టుకొని కచేరీ అరుగులమీద పడియుండుటకంటె, ఇంటినుండి అడుగుట మేలు గదా. కాని రేపు అర్జీని నోటితో చెప్పు కాలము వచ్చినపుడు, నోటిమాటకును గుమాస్తాకును నడుమ ఈ వినువ్రాత యంత్రమే నిలుచును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానముపై విఱుచుకొనిపడి కొబ్బరి, జీడితోటలను నేలమట్టము చేసినది. ఆనాడు నష్టము వ్రాసికొన వచ్చినవాడు మనుష్యుడు. మాట తెలియకున్న "ఏటమ్మా, మళ్ళీ సెప్పు" అని అడుగగలవాడు. మదుము తెగినది, గెడ్డ పొంగినది, కల్లము మునిగినది అని ఒక రైతు ఫోనుకు చెప్పగా, అది గెడ్డను గడ్డ చేసి, మదుమును మరొకటి చేసి, అనుమానమే లేనట్లు చక్కని అచ్చక్షరములలో పైకి పంపినచో, పైనున్నవాడు దేనిని నమ్మును? యంత్రముయొక్క తప్పునకు తప్పువలె కనబడని గుణమొకటి యున్నది. మా కార్డులును అట్లే యుండెడివి. తప్పులేని దస్తూరీ.

ఇక గిడుగువారికి మరల వత్తము. వాడుకభాషకై వాదించిన గిడుగును అందఱును తలతురు. పర్లాకిమిడి చుట్టుపట్టుల కొండలలోని సవరలయొద్ద కూర్చున్న గిడుగును తలచువారు తక్కువ. మాకు ఆయనలో ఎక్కువ ప్రియమైన భాగమదియే. బడిపంతులుగా నుండి, ఎవరును ఆజ్ఞాపింపకయే, లిపిలేని ఆ భాషను సవరల నోటివెంటనే విని నేర్చుకొని, విన్నది విన్నట్లు గుర్తించుకొనుటకు ధ్వని ననుసరించు వ్రాతను కుదుర్చుకొని, ఏండ్ల తరబడి పాటుపడిరి. ఆయన సవరభాషావ్యాకరణగ్రంథము 1931లో మద్రాసున అచ్చైనది. నిఘంటువు 1938లో వెలువడినది. సవరబాలురకై బడులు పెట్టించిరి. మన్నెపు చలిజ్వరములకు మ్రింగిన క్వినైనువలన ఆయనకు చెవుడు వచ్చినదని చరిత్రకారులు వ్రాసిరి. అంత బాగుగ విన్నవాని చెవులు అట్లు పోయినవి! 1936 ఏప్రిలు 1న ఒడిస్సారాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, మనస్సు నొచ్చి ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి.

ఆ 1936వ సంవత్సరముననే మంగెయి గొమాంగో అను సవరపెద్ద తన జాతికి స్వంతమైన లిపి నొకదానిని కల్పించెను. దానికి సొరా సొంపెంగ్ అని పేరు. ఆ లిపి 2012లో ప్రపంచమంతట కంప్యూటర్లకు మూలమైన యూనికోడు పట్టికలో చోటు సంపాదించినది. మన తెలుగునకు ఆ పట్టికలో 1991లోనే చోటు దొరికినను, "చాప" యందలి చకారమును వేఱుగ చూపు ౘ, ౙ అను గుర్తులు 2008లో గాని చేరలేదు. పూర్వపు అచ్చుపుస్తకములందలి నకారపొల్లు 2021లో చేరినది. ఇవి తమంతట తాము వచ్చి కూర్చుండలేదు. ఎవరో పాత పుస్తకములను, శాసనములను ముందిడి, ఇదిగో సాక్ష్యమని అర్జీ పెట్టిరి. అర్జీ పెట్టినవారికి ఆ పట్టికలో చోటు దొరకినది. సవరలు కొద్దిమందియే, అయినను వారికి దొరకినది.

మఱి మన యాసకు సాక్ష్య మేది? కొంత యున్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయపదములది, 1962లో వెలువడినది, చేనేతపదములది 1971లో. ఊరూర తిరిగి, రైతుల నడిగి, నేతగాండ్ర నడిగి, ఏ యూర ఏ మాటయో గుర్తించి చేసిన పని అది. ఈ గ్రంథాలయములో ప్రతి యున్నదేమో చూడుడు, లేనియెడల తెప్పింపుడు. పొందూరులో నేటికిని పత్తిని వాలుగుచేప దవడయెముకతో దువ్వి, ఏకి, ఏకులుచేసి, కదురున వడకు స్త్రీలున్నారు. ఆ పనిలో చేతికదలిక కొక మాట, పత్తి తేటపడిన తీరునకొక మాట. పని తెలిసినవారు తగ్గుచున్నారు. మాట పనితో పోవును. గాంధీగారి ఖద్దరును మెచ్చి పొందూరు పంచె కట్టి సభకు వచ్చువారము, ఆ పంచె నేసినవారి నోటిలో నేమున్నదో ఒకనాడైనను వినిరమ్మని మేము వేడుచున్నాము.

యంత్రమునకు నేర్పవలెనన్న కావలసిన సామగ్రి పెద్దది కాదు. గొంతు కావలెను, దాని క్రింద, పలికినది పలికినట్లు, ఒక్క యక్షరము దిద్దకుండ వ్రాసిన వ్రాత కావలెను. గొంతు మన యిండ్లలో నున్నది. వ్రాయవలసినవాడు మాత్రము యాసను ఎఱిగి, అక్షరమును ఎఱిగి, దిద్దుటకు లేచు చేతిని పట్టుకొనగలవాడై యుండవలెను. అట్టివారు ఈ గదిలో నున్నంతమంది మఱెచ్చట నున్నారు? ముసలివారిని అడుగకుండ, వారి యనుమతి లేకుండ ఫోను దాచిపెట్టి పట్టరాదు. వారి గొంతును ఎవనికో అమ్మికొనరాదు. ఈ రెండు నియమములు చాలును.

ఇందుపై ఒక మిత్రుడు మమ్ము ముందుగనే హెచ్చరించెను. పిల్లలు "నాను, నేదు" అని వ్రాసిన పరీక్షలో తప్పుదురు, ఉద్యోగము రాదు, పట్టణములో ఎగతాళి చేయుదురు, మీరేమో దీనికి దారి చూపుచున్నారు అని. ఆయన భయము అబద్ధము కాదు. ఎగతాళి మేమును పడితిమి. కాని పిల్లవానికి పత్రికభాష నేర్పవద్దని మేమనలేదు. ఆ పిల్లవాని అవ్వకు మాత్రము ఆమె భాష మాన్పించకుడనుచున్నాము. ఎనుబదేండ్ల తరువాత ఆమె ఏ పరీక్షకు కూర్చుండును?

పోయిన మాసము మేము అప్ప యింటికి పోయి, ఫోను ముందిడి, ఖరగపూరు ఉత్తరముల సంగతి ఎత్తితిమి. భర్త పోయి చాలకాలమైనది. "ఏటి బావూ, మళ్ళీ ఉత్తరమేటి?" అని నవ్వి, అడుగగా అడుగగా, ఆనాటి మాటలు, ఈనాటి మాటలు కలిపి నలుబది నిమిషములు చెప్పినది. ఇంటికి వచ్చి, మూడు దినములు కూర్చుండి, విన్నది విన్నట్లు వ్రాసితిమి. ఒక్కొక్క వాక్యము నాలుగేసిమార్లు విని సరిచూచుకొంటిమి. పిదప తీసికొనిపోయి ఆమెకు చదివి వినిపించితిమి. ఈసారి ఆమె తల యూపలేదు. కన్నులు మూసికొని వినుచు, రెండవ పుటలో ఒకచోట చేయెత్తి ఆపినది.

"నాను అలాగనలేదు బావూ," అన్నది కాబోలునని మేము తలచి, ఏమి తప్పో చెప్పుమంటిమి.

"నువ్వు లేదు అని సదివినావు. నాను నేదు అన్నాను."

చూచుకొంటిమి. నిజమే. "లేదు" అనియే వ్రాసియుంటిమి.